అనంతానికి అడ్డొచ్చిన బనీను

మొన్న ఆదివారం జరిగింది. ఇవాళ గురువారం. ఈ నాలుగు రోజులుగా లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను. ఆరోగ్యం కోసమని మా ఆవిడ అందరికీ చెబుతోంది.

ముందుకథ గబగబా చెప్పేస్తాను. ఎవరో వాడి అమ్మేసిన లైకా ఎం9 ఒకటి నా దగ్గరుంది. 2009లో వచ్చిన మోడల్, డిజిటల్ రేంజ్‌ఫైండరు కెమెరా. దానికి ఈమధ్య ఒక సోవియట్ లెన్సు తెప్పించాను. జూపిటర్-11, 135 ఎం.ఎం. నంబరులో మొదటి రెండంకెలు 62, అంటే 1962లో పుట్టింది. నాకంటే రెండేళ్లు పెద్ద. నాకు దగ్గరిది కనపడదు, దానికి దూరానిది కనపడదు. ఇద్దరం కలిస్తే ఒక కంటికి సరిపోతాం.

ఇలాంటి మర లెన్సుని, అంటే స్క్రూలా తిప్పి బిగించేదాన్ని, ఎం కెమెరాకి తగిలించాలంటే మధ్యలో సరిగ్గా 1 మిల్లీమీటరు మందమున్న అడాప్టరు రింగు వేయాలి. వేశాను. డైనింగ్ టేబుల్ మీద పచ్చడి జాడీలు వరసగా పెట్టి, మూడు మీటర్ల దూరం నుంచి మాగాయకి ఫోకస్ చేస్తే జానెడు ముందున్న గోంగూర నిగనిగలాడుతూ వచ్చింది. మాగాయ జాడీ మంచులో కలిసిపోయింది.

మరమ్మతు షాపుకి పట్టుకెళ్లాను. పేరు చెప్పను, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాల్సి రావచ్చు. ఆరు వారాలు ఉంచుకున్నారు. వాళ్ల దగ్గరున్న 50 ఎం.ఎం. మర లెన్సుని నా రింగుకి బిగించి చూసి, "రింగు పర్ఫెక్టు, కెమెరా పర్ఫెక్టు, లెన్సూ మంచిదే. ఓసారి మీరు కళ్లు చూపించుకోండి సార్" అన్నారు. ఈ వైద్యసలహాకి 1,500 రూపాయలు. వెళ్లి కళ్లు చూపించుకున్నాను కూడా. కొత్త అద్దాల్లోంచి గోంగూర ఇంకా బాగా కనిపించింది.

ఇక నేనే చూసుకోవాలనుకున్నాను. ఇలాంటప్పుడు మొదట సరిచూడాల్సింది అనంతం. కంగారుపడకండి, వేదాంతం కాదు. లెన్సు మీద పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు ఒకటుంటుంది. అక్కడిదాకా తిప్పి బాగా దూరంగా ఉన్నదేదైనా చూస్తే, ఫైండరు మధ్యలో కనిపించే రెండు బొమ్మలూ ఒకటి కావాలి. చిక్కల్లా ఆ దూరంగా ఉన్నదాంతోనే. 135 లెన్సుకి అనంతమంటే కనీసం కొన్ని వందల మీటర్లు ఉండాలి. మా కాలనీలో వందల మీటర్లు ఎక్కడున్నాయండీ? ఉత్తరం వైపు పక్క అపార్ట్‌మెంటు వంటిళ్లు. పోపు వాళ్లది, తుమ్ము మనది. పడమర కొత్త కట్టడం, దానికి కట్టిన పచ్చగుడ్డ. దక్షిణాన హోర్డింగు వీపు. తూర్పున బీ బ్లాకు. ఆ బీ బ్లాకు మూలకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య మాత్రం ఆరడుగుల సందుంది. ఆ సందులోంచి ఎక్కడో దూరాన ఒక సెల్ టవరు. మా కాలనీ మొత్తానికి దేవుడు మిగిల్చిన అనంతం ఆ ఆరడుగులే.

ఆ సందుని ఆనుకుని అసోసియేషన్ సెక్రటరీ గారి బాల్కనీ ఉందన్న సంగతి నా దృష్టికి రాలేదు. ఒట్టు. రేంజ్‌ఫైండరులో మనం లెన్సులోంచి చూడం, దాని పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో 135కి ఇచ్చే చట్రం బొటనవేలి గోరంత. ఎం9కి లైవ్ వ్యూ, అంటే వెనక తెర మీద చూసుకుంటూ తీసే వీలు, లేదు. ఆ గోరులో టవరుందా, ఉంది. రెండు బొమ్మలూ కలిశాయా, కలిశాయి. పడుకున్న ఎనిమిది దాకా పోకముందే కలిసిపోయాయి. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. టెర్రస్ మీద నిలబడి నొక్కాను. పరీక్ష అన్నాక ఒకటి చాలదు కదా, 27 తీశాను.

ముందు వాచ్‌మన్ వచ్చాడు. వెనకాలే సెక్రటరీ గారు, లుంగీ ఎగ్గట్టి.

"ఏం తీస్తున్నారండీ?"

"అనంతం సార్."

ఆయన వాచ్‌మన్ వైపు చూశారు. "అనంతమ్మ అని మన బిల్డింగులో ఎవరూ లేరు సార్" అన్నాడు వాడు.

ఇలా కాదని కెమెరా చేతికిచ్చాను. దాని వెనకుండేది రెండున్నర అంగుళాల తెర, మొత్తం 2,30,000 చుక్కలు. ఇన్నేళ్లలో ఆ తెర ఏ ఫొటో బాగా వచ్చిందో, ఏది చెడిపోయిందో ఒక్కసారీ నిజం చెప్పిన పాపాన పోలేదు. సెక్రటరీ గారు బొటనవేలితో దాన్ని అటూ ఇటూ తోశారు. ఏమీ కదల్లేదు. రెండు వేళ్లతో చీల్చారు. అయినా కదల్లేదు. విసుగొచ్చి తిరిగి ఇచ్చేయబోయారు కూడా. ఆ ఇచ్చేది పుచ్చుకుని కిందికి దిగిపోయి ఉంటే ఇవాళ లిఫ్టులో తిరుగుతూ ఉండేవాణ్ని. కానీ తెలిసిన విద్య ఊరుకోనివ్వదు. "అది టచ్ కాదు సార్, ఈ చక్రం తిప్పాలి" అని నేనే తిప్పి, నేనే పెద్దది చేసి, నేనే చూపించాను.

తీగ మీద మూడు బనీన్లు. ఒక లుంగీ. నాలుగు నీలం క్లిప్పులు. నడిమి బనీనుకి చంక కింద రూపాయి బిళ్లంత చిల్లు. చిల్లు అంచున వేలాడుతున్న ఒక దారప్పోగు. బనీను మీద ఆ పోగు నీడ. ఆరు వారాలు ఏ స్పష్టత కోసం నేను షాపు చుట్టూ తిరిగానో అదంతా వచ్చి ఆ చిల్లు దగ్గర కూర్చుంది. ఆ క్షణంలో, చెప్పకూడదు గానీ, నాకు నిజంగానే సంతోషం వేసింది. "అబ్బ, ఎంత షార్పుగా వచ్చిందో చూడండి సార్!" అనేశాను.

ఆయన చూశారు. వాచ్‌మన్ కూడా వంగి చూశాడు.

"టవరన్నారు, టవరేది?"

"అదుగో సార్, వెనకాల ఆ బూడిదరంగు మరక."

దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అనలేదు, వాళ్లకీ నాలాంటి రింగే దొరికి ఉంటుంది. ఫ్రంట్ ఫోకస్ గురించి, అంటే చూసినదానికి ముందున్నది స్పష్టంగా రావడం గురించి, నేను వివరించేకొద్దీ తాడిచెట్టు మీద దూడగడ్డి గుబురుగా పెరిగిపోతోంది. తరవాతి ఫొటో చూపించమన్నారు. అదే బనీను. ఆ తరవాతిది. అదే బనీను, గాలికి కాస్త పక్కకి తిరిగింది. 27 దాకా వెళ్లాం.

బోరు మోటారు కాలిపోయి పది రోజులైనా కలవని కమిటీ ఆ సాయంత్రమే కలిసింది. నా గుమ్మానికి ఎదురుగా వాళ్లు పెట్టిన సీసీ కెమెరా నేను ఎన్ని గంటలకి పాల ప్యాకెట్ తీసుకుంటున్నానో రికార్డు చేస్తోంది. దానికి మాత్రం ఏ కమిటీ అక్కర్లేదు. సోమవారం పొద్దున నోటీసు వచ్చింది. మామూలు ఏ4 కాగితం.

సోమవారమే రింగుని వీధి చివర లేత్ షాపుకి తీసుకెళ్లి స్క్రూగేజితో కొలిపించాను. 1 ఉండాల్సింది 0.9 ఉంది. పదోవంతు మిల్లీమీటరు! 50 లెన్సు పెడితే ఈ తప్పు తేలదు, ఎందుకంటే అందులో లెన్సు ఎంత కదిలితే, ఫైండరులో ఆ రెండు బొమ్మల్నీ కలిపే కెమెరా లోపలి చక్రమూ ఇంచుమించు అంతే కదులుతుంది, తప్పుకి తప్పు చెల్లు. 135లో చక్రం ఒక పాలు కదిలేసరికి లెన్సు దాదాపు ఏడు పాళ్లు కదులుతుంది. దాంతో అనంతం కాస్తా 31 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మా టెర్రస్ నుంచి ఆ తీగకి అంతే ఉంటుందనుకుంటాను. టేపు పట్టుకుని బీ బ్లాకు వైపు వెళ్లే పరిస్థితి ప్రస్తుతం లేదు. లేత్ కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. 1,500 తీసుకున్నవాళ్లకి స్క్రూగేజి లేదు.

పదోవంతు మిల్లీమీటరంటే సుమారు ఒక కాగితం మందం. న్యూస్‌పేపరు పల్చన, పెళ్లికార్డు దళసరి. ఇంట్లో సరైన మందానికి చేతికి దొరికింది ఒక్కటే. లోపలి వ్యాసం 39 మిల్లీమీటర్లు వచ్చేలా కత్తిరించి లెన్సుకీ రింగుకీ మధ్య పెట్టి బిగించాను. రాత్రి వంటింటి కిటికీలోంచి చందమామ మీద చూశాను, చందమామకి అసోసియేషన్ లేదు కాబట్టి. గుంటలు కూడా లెక్కపెట్టేట్టు వచ్చాయి.

ఇందాకే వాచ్‌మన్ వచ్చి అడిగాడు. ఆ నోటీసు చదివి, ఒప్పుకుంటున్నట్టు కింద గీత మీద సంతకం చేసి శనివారంలోగా తిరిగి ఇవ్వాలట. తీసి చూశాను. గీత ఉండాల్సిన చోట గుండ్రంగా చిల్లుంది.