ఐదు కప్పుల ముక్క

బొమ్మల పేకముక్కలు తీసి జోస్యం చెప్తారే, ఆ టారో మీద నాకు నమ్మకం లేదు. పేక బయటికి తీసే ముందు ప్రతిసారీ ఈ మాట చెప్తాను. ఇన్నాళ్ళలో నా జోస్యాన్ని నమ్మినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఈ ఒక్క మాటని నమ్మినవాళ్ళు మాత్రం లేరు. "తెలిసినవాళ్ళు ఇలాగే అంటారండీ" అంటుంది ఆఫీసులో మా ఎదురు సీటావిడ, చాలా గౌరవంగా.

నమ్మకం లేనివాడికి కార్డులెందుకయ్యా అంటే, బొమ్మలు బాగుంటాయని కొన్నాను. నా దగ్గరున్నవి 1909లో లండన్‌లో వచ్చిన పేకకి నకలు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే ఆయన ఎలా ఉండాలో చెప్తే, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ 78 ముక్కలకీ బొమ్మలు వేసింది. పేకకి మాత్రం అచ్చేసిన వాళ్ళ పేరూ ఆయన పేరూ కలిపి రైడర్-వెయిట్ అన్నారు. ఆవిడ పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. ఆ సంగతి వేసేటప్పుడే ఆవిడకి ఏ ముక్కా చెప్పినట్టు లేదు.

అసలు టారో అనేది 15వ శతాబ్దంలో ఇటలీలో మామూలు పేకాట. మూడొందల ఏళ్ళు హాయిగా ఆడుకున్నారు. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలిన్ అనే పండితుడు, ఇది ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన విద్య అని రాసేశాడు. ఈజిప్టు బొమ్మల లిపిని చదవడం కుదిరింది ఇంకో 41 ఏళ్ళకి, 1822లో. అంటే ఆయన రాసిననాడు అది తప్పని చెప్పగలిగినవాడు భూమ్మీద లేడు. ఇదంతా బ్రేక్‌లో మావాళ్ళకి వివరంగా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, "ఈజిప్టా!" అన్నారు.

నేను చేసేది జోస్యం కూడా కాదు. మొన్నామధ్య కొత్తగా చేరిన కుర్రాడికి ఎనిమిది కప్పుల ముక్క వచ్చింది. అందులో ఒకడు కప్పులన్నీ వరసగా పేర్చిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా కర్ర పట్టుకుని కొండల్లోకి పోతుంటాడు. "చూస్తే ఏమనిపిస్తోంది?" అన్నాను. అంతే. నలభై నిమిషాలు చెప్పాడు. ముందు ఉద్యోగం, అక్కడి బాసు, మానేస్తానంటే ఇంట్లో జరిగిన గొడవ, అన్నీ. మధ్యలో నేను రెండుసార్లు "ఊఁ" అన్నాను, ఒకసారి "అవునా" అన్నాను. చివర్లో కళ్ళు తుడుచుకుని లేచి, "ఇదంతా మీకెలా తెలిసింది సార్?" అన్నాడు.

ఆ రోజే అనుకున్నాను, వీళ్ళకి సైన్సు చెప్పి తీరాలని.

మర్నాడు బ్రేక్‌లో ఐదుగురం కూర్చున్నాం. ఐదు కప్పుల కాఫీ. ఎదురు సీటావిడ ఒక ముక్క తీసింది, ఐదు కప్పులు వచ్చింది. నల్ల ముసుగు కప్పుకున్నవాడు తల వంచుకుని నిలబడి ఉంటాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, వెనక రెండు నిక్షేపంగా నిలబడి ఉంటాయి. "నష్టమేమైనా ఉందాండీ?" అంది టెన్షన్‌గా. ఇదే సమయమని నేను లేచి నిలబడ్డాను.

"1948లో ఫోరర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, వారం తర్వాత మీ మీ స్వభావం ఇదీ అని తలా ఒక కాగితం ఇచ్చాడండీ. ఎంత సరిగ్గా ఉందో ఐదుకి మార్కులెయ్యమంటే, సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది..."

ఇక్కడ చెయ్యి బలంగా ఊపాను.

"...ఒకటే కాగితం!"

మొదటి కప్పు నా చేతికి తగిలింది. అది రెండోదానికి తగిలింది, రెండోది మూడోదానికి. వెనక రెండూ కదల్లేదు. కాఫీ బల్ల అంచుదాకా పారుతుంటే, ఏం చెయ్యాలో తెలీక తల వంచుకుని చూస్తూ ఉండిపోయాను. ఏసీ సరిగ్గా నా సీటు మీదే ఉండటంతో ఆఫీసులో ఎప్పుడూ నల్ల స్వెట్టరే వేసుకుంటాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ కాఫీలోంచి ముక్కని మూలపట్టుకుని పైకెత్తి, బొట్లు కారుతుండగా నా పక్కన పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసింది.

78 ముక్కల్లో 14 కప్పులవే, బల్ల మీద కప్పులు ఉండనే ఉన్నాయి, ఇందులో వింతేముంది అని చెప్పబోయాను. "కాదన్నావుగా, దానికి కోపం వచ్చింది" అన్నాడు అకౌంట్స్ ఆయన, ప్యాంటు తుడుచుకుంటూ.

ముక్కని ఫ్యాను కింద ఆరబెడితే పడవలా వంగింది. దాన్ని అలాగే పేకలో కలిపేశాను చూడండి, అదీ నేను చేసిన అసలు తప్పు. వంగిన ముక్క ఉన్నచోట పేకలో సన్నని సందు ఉంటుంది. కట్ చేసేవాడి వేలు వెళ్ళి అక్కడే ఆగుతుంది. పేకాటలో మోసగాళ్ళు కావాలనే ఇలా ముక్క వంచుతారు. అకౌంట్స్ ఆయన కట్ చేశాడు, ఐదు కప్పులు. కుర్రాడు చేశాడు, ఐదు కప్పులు. కబురు పై అంతస్తుకి పాకింది. వాళ్ళూ వచ్చి చేశారు.

"ముక్క వంగిందండీ, అందుకని వస్తోంది" అన్నాను.

"సరే, ఇన్ని ముక్కలుండగా అదే ఎందుకు వంగింది?" అంది ఎదురు సీటావిడ.

"దాని మీద కాఫీ పడింది కాబట్టి."

"కాఫీ ఎందుకు పడింది?"

"నా చెయ్యి తగిలి."

"చెయ్యి ఎందుకు తగిలింది?"

"ఫోరర్ గురించి చెప్తున్నాను కదండీ, ఆ ఊపులో..."

"ఆయన గురించి ఎందుకు చెప్పాల్సొచ్చింది?"

"మీకు ఆ ముక్క వచ్చి మీరు కంగారుపడ్డారు కాబట్టి" అనేశాను.

ఆవిడ ఇంకేమీ అనలేదు. మిగతావాళ్ళ వైపు తిరిగి కళ్ళెగరేసింది.

ఆ ముక్కని లావుపాటి నిఘంటువు కింద పెట్టి, 77తోనే కానిద్దామని చూశాను. పై అంతస్తువాళ్ళు ఒప్పుకోలేదు. "అసలుది తీసేసి చెప్తానంటే ఎలా సార్?" అన్నారు.

ఇప్పుడు బ్రేక్‌లో నేను వెళ్ళి కూర్చోగానే, మాట కూడా ఆపకుండా, నలుగురూ ఎవరి కప్పు వాళ్ళు చేతిలోకి తీసేసుకుంటారు. బల్ల మీద నాదొక్కటే ఉంటుంది.