ఐడియా నాది, సూది ఆవిడది

వాతావరణ మార్పు, ఆడా మగా అసమానత, ఈ రెంటినీ ఒకే బొంతతో ఎదుర్కోవాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. బంజారాహిల్స్‌లో ఒక గ్యాలరీలో చేత్తో కుట్టిన బట్టల ప్రదర్శన చూసొచ్చాక పుట్టిన పట్టుదల ఇది. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, భూమి వేడెక్కిపోతోందని మొత్తుకుంటున్న బొంతనే గోడ మీంచి లాగి కప్పుకోవాలనిపించింది. బంజారాల పేరు పెట్టుకున్న ఆ కొండ మీద అద్దాలు కుట్టే లంబాడీ మనిషి ఒక్కరూ కనపడలేదు, అది వేరే సంగతి.

2018లో ఎడ్ హాకిన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఏడాదికో చార చొప్పున, చల్లటి ఏళ్ళకి నీలం, వేడి ఏళ్ళకి ఎరుపు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు కదా, నాదీ అదే లైను, కాకపోతే రోజుకో గుడ్డపీలిక, మన హైదరాబాదు ఎండ. అంతకు ముందు ఏడాదే ఎలీ హైవుడ్ అనే ఆవిడ, తనూ శాస్త్రవేత్తే, అలాంటి దుప్పటి క్రోషియాతో అల్లిందట. ఈ ముక్క మా ఆవిడ చెప్పింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఫోన్లో ఉష్ణోగ్రత చూసి రంగు చెప్పే బరువైన బాధ్యత నాది. జనరల్ బజార్‌లో కట్‌పీసులు బేరమాడటం, కత్తిరించడం, కుట్టడం లాంటి చిల్లర పనులు ఆవిడకి వదిలేశాను. ఆడవాళ్ళ చెయ్యి పడకుండా ఆడవాళ్ళ సమస్య మీద కళ ఏమిటండీ?

35 డిగ్రీలు దాటితే ఎరుపని రూలు పెట్టాను. మే నెల సగానికొచ్చేసరికి ఎర్రగుడ్డ అయిపోయింది. బీరువాలో ఆవిడ పెళ్ళి చీర ఉంది, ఎర్రదే. భూగోళం కోసం కదా, అన్నాను. ఆవిడ నా పెళ్ళి పంచె తెచ్చి కత్తెర పక్కన పెట్టింది, మంచు కరుగుతోందన్నారుగా, తెలుపుకి ఇది పనికొస్తుందని. నేను టాపిక్ మార్చాను.

అంట్లు తోమి వచ్చి కుడుతుంటే, ఉత్సాహంగా ఉంటుందని 2019 నాటి సర్కారు సర్వే చదివి వినిపించాను. జీతం లేని ఇంటిపనికి, అది చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97 పెడుతున్నారట.

"ఆ 97 ఎవరింట్లోనండీ?" అంది.

బొంతని ప్రదర్శనకి పెట్టమని గ్యాలరీకి పంపే దరఖాస్తులో కళాకారుడన్న చోట నా పేరు రాశాను, సహకారం అన్న చోట 'కుటుంబం' అని. అది చూసిన రోజే పుట్టింటికి వెళ్ళింది. జూన్ చారలన్నీ మిగిలే ఉన్నాయి. పొద్దుటి నుంచి సూదిలో దారం ఎక్కించాలని చూస్తున్నాను, కళ్ళజోడు దొరకట్లేదు. అదెక్కడుందో ఆవిడకే తెలుసు, ఫోనేమో ఎత్తట్లేదు.