కొంచెం ఆగితే పోయేది కదా, కింగ్ గారూ!

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. ఏటా జనవరి మూడో వారం దగ్గర పడేసరికి ఫోన్ చేస్తాడు. "బావా, సోమవారం సెలవు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు. తెలుగు సంఘం వాళ్ల సంక్రాంతి సంబరాలు కూడా అప్పుడే. ముగ్గుల పోటీ, అరిసెలు, అన్నీ ఉన్నాయి" అంటాడు. సోమవారం సెలవెందుకురా అని ఓ ఏడాది అడిగాను. "మార్టిన్ లూథర్ కింగ్ డే బావా. ఏదో కల కన్నాడు కదా, ఆయన" అన్నాడు.

కల కన్నందుకే దేశం మొత్తానికి సెలవిచ్చేస్తే, మధ్యాహ్నం రెండింటికి మన ఆఫీసుల్లో కంటున్న కలలకి ఎన్ని సెలవులివ్వాలి? ఆ సందేహంతోనే ఆయన జీవితం చదవడానికి కూర్చున్నాను. చదవడం పూర్తయ్యాక నా అభిప్రాయం ఇదీ: మనిషి మంచివాడే. అమెరికాలో నల్లవాళ్లకి తెల్లవాళ్లతో సమాన హక్కులు కావాలన్న ఆశయంతో నాకు పేచీ లేదు. పద్ధతే నచ్చలేదు. నేను పుట్టుకతో అహింసావాదిని. పైగా మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. నలుగురు ఒకచోట గుమిగూడితే పార్కింగ్‌కి ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కాబట్టి ఈ నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

1929 జనవరి 15న అట్లాంటాలో పుట్టినప్పుడు ఆయన పేరు మైఖేల్. అక్కడితో ఆగినా బాగుండేది. ఐదేళ్లకి తండ్రి జర్మనీ వెళ్లొచ్చి, నాలుగు వందల ఏళ్ల కిందట చర్చి పెద్దల్ని ఎదిరించిన సన్యాసి పేరు తనకీ, కొడుక్కీ కలిపి పెట్టేసుకున్నాడు. పేరుబలం ఊరికే పోతుందా? తర్వాత పాస్టర్లని తయారుచేసే క్రోజర్ సెమినరీలో చదివేటప్పుడు వక్తృత్వం సబ్జెక్టులో ఆయనకి వచ్చింది సి గ్రేడు. ఆ మాస్టారు ఇంకొంచెం గట్టిగా దిద్ది ఫెయిల్ చేసి ఉంటే అమెరికాకి చాలా గొడవ తప్పేది. మన దగ్గరైతే రీవాల్యుయేషన్‌లోనే పని అయిపోయేది.

అసలు తగాదా అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో, సిటీ బస్సులో మొదలైంది. అక్కడ బస్సులో ముందు పది సీట్లు తెల్లవాళ్లవి. నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, నడుచుకుంటూ వెళ్లి వెనక తలుపు దగ్గర ఎక్కాలి. ఒక్కోసారి వాళ్లు వెనక తలుపు దాకా చేరేలోపే డ్రైవరు బస్సు పోనిచ్చేవాడు. నడక ఆరోగ్యానికి మంచిదని అప్పటికే కనిపెట్టిన ఊరన్నమాట. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే 42 ఏళ్ల కుట్టుపనావిడ, తెల్లాయనకి సీటు ఇవ్వనని కూర్చుంది. అరెస్టు చేశారు. పది డాలర్ల జరిమానా, కోర్టు ఖర్చులు నాలుగు. మొత్తం పద్నాలుగు డాలర్లు. కట్టేస్తే అయిపోయేదే కదా అని నాకనిపించింది.

కట్టలేదు. బస్సులెక్కడం మానేశారు. ఊళ్లో బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడు వంతులు నల్లవాళ్లే కాబట్టి బస్సు కంపెనీకి నడుం విరిగింది. అప్పుడు కింగ్‌కి ఇరవై ఆరేళ్లు. ఊరికొచ్చి ఏడాది దాటిందంతే, కొత్త పాస్టరు. పాతవాళ్లకి ఒకళ్లంటే ఒకళ్లకి పడదు కాబట్టి కొత్తవాణ్ని నాయకుణ్ని చేశారు. ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది, నేను కార్యదర్శి అయింది కూడా ఇలాగే.

ఇంతా చేసి వాళ్లు మొదట అడిగిందేమిటో తెలుసా? డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. నల్లవాళ్లు వెనక నుంచి, తెల్లవాళ్లు ముందు నుంచి, ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోవాలి. నల్లవాళ్ల పేటలకి వెళ్లే బస్సులకి నల్ల డ్రైవర్లని పెట్టాలి. వేరు సీట్లు ఎత్తెయ్యమని కూడా అడగలేదు! దానికే నగర పెద్దలు కుదరదన్నారు. నేనూ అదే అనేవాణ్ని. మర్యాద ఇవాళ ఇస్తే రేపు సీటు అడుగుతారు.

ఆ పెద్దల ఓర్పు గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నాను. నల్ల టాక్సీవాళ్లు బస్సు ఛార్జీకే, అంటే పది సెంట్లకే జనాన్ని ఎక్కించుకుంటుంటే, టాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లని ఒక నిబంధన ఉన్న సంగతి నగరపాలక సంస్థకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. సరేనని జనం సొంత కార్లు తీసి వంతులవారీగా తిప్పుకున్నారు. కార్లకి బీమా రద్దయింది. వీళ్లు లండన్ లాయిడ్స్ దాకా పోయి బీమా తెచ్చుకున్నారు. గంటకి ఇరవై అయిదు మైళ్లు వెళ్లాల్సిన చోట ముప్ఫై వెళ్లాడని కింగ్‌ని అరెస్టు చేశారు. అయిదు మైళ్లకి జైలా అనకండి. చట్టం చట్టమే. 1921 నాటి బహిష్కరణల నిషేధ చట్టం ఒకటి అటక మీంచి దించి, దుమ్ము దులిపి, దాదాపు తొంభై మంది మీద కేసు పెట్టారు. జనం పారిపోవాల్సింది పోయి, ఆదివారం చర్చికి వెళ్లే బట్టలేసుకుని, వాళ్లంతట వాళ్లే వచ్చి "నా పేరుందా లిస్టులో?" అని అడిగారు. పోలీసులకి ఎంత టెన్షనో ఆలోచించండి.

మధ్యలో, 1956 జనవరి 30న, కింగ్ ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపల భార్య కొరెట్టా, రెండు నెలల పసిబిడ్డ ఉన్నారు. ఇద్దరికీ ఏమీ కాలేదు. కోపంతో చేరిన గుంపుని, ఆయుధాలుంటే ఇంటికి తీసుకుపొమ్మన్నాడాయన. ఈ విషయంలో నేను నిష్పక్షపాతంగా చెబుతాను: బాంబు పెట్టినవాళ్లు కొంచెం తొందరపడ్డారు, బస్సెక్కనివాళ్లూ తొందరపడ్డారు. ఇరువైపులా తప్పుంది.

మొత్తం 381 రోజులు, 1956 డిసెంబరు 20 దాకా నడిచారు. దానికి ముందే, నవంబరు 13న, కార్ల ఏర్పాటు ఆపెయ్యమని నగరం వేసిన దావా కోర్టులో నడుస్తుండగా, బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చిందన్న వార్త అదే కోర్టు హాల్లోకి వచ్చింది. కార్లు ఆపమనే ఉత్తర్వు నగరానికి దక్కింది కూడా. ఊరు గెలిచి ఓడింది.

ఈయనకి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, మన దగ్గరే. గాంధీ గారిని చదివాడు. 1959లో నెల రోజులు మన దేశానికే వచ్చేశాడు. మిగతా దేశాలకి టూరిస్టుగా వెళ్తానేమో గానీ ఇండియాకి యాత్రికుడిగా వచ్చానన్నాడు. నెహ్రూతో భోజనం చేశాడు. మనకెంత గర్వకారణం! అంతా బాగానే ఉండగా కేరళలో ఒక బడికి వెళ్తే, ఒకప్పుడు అంటరానివాళ్లన్న కుటుంబాల పిల్లలు చదివే బడి అది, ప్రిన్సిపాల్ గారు "అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరాని మనిషి" అని పరిచయం చేశారట. ముందు ఉలిక్కిపడ్డానని, తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించిందని 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నాడు. అతిథికి బొకే ఇచ్చి, శాలువా కప్పి పంపాలి గానీ, ఇంటి గుట్టు బయట పెట్టుకుంటారా ఎవరైనా?

నాకు బాగా నచ్చిన పాత్ర జార్జియాలోని ఆల్బనీ పోలీసు అధికారి లారీ ప్రిచెట్. కింగ్ అక్కడ నిరసనలకి వస్తున్నాడంటే ఆయన కూడా గాంధీ గురించి చదివాడు. కెమెరాల ముందు లాఠీ ఎత్తలేదు. చుట్టుపక్కల కౌంటీల జైళ్లన్నీ ముందే మాట్లాడి పెట్టుకుని, మర్యాదగా అరెస్టు చేసి, దూరాలకి పంపాడు. 1962 జులైలో కింగ్‌కి కోర్టు 178 డాలర్ల జరిమానా లేదా 45 రోజుల జైలు అంది. ఆయన జైలే అన్నాడు. మూడో రోజుకి, మీ జరిమానా ఎవరో కట్టేశారు, దయచేయండి అన్నారు. "చాలా చోట్ల నుంచి గెంటేశారు గానీ జైల్లోంచి గెంటెయ్యడం ఇదే మొదటిసారి" అని ఆయనతో జైల్లో ఉన్న సహచరుడు ఏబర్నేతీ వాపోయాడు. అహింసకి అహింసే మందు! ఈ కిటుకు అందరు అధికారులకీ తెలిసి ఉంటే చరిత్ర పుస్తకాలు ఎంత పలచగా ఉండేవో.

కానీ అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పోలీసుల్ని చూసే అధికారి బుల్ కానర్‌కి చదివే అలవాటు లేనట్టుంది. 1963లో పిల్లల మీదికి కుక్కల్ని, ఫైరింజన్ గొట్టాల్ని వదిలి, టీవీలో చూపించుకున్నాడు. దానికి కాస్త ముందు ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు చక్కగా ప్రకటన ఇచ్చారు: ఈ నిరసనలు తెలివైనవి కావు, సమయమూ ఇది కాదు అని. నిగ్రహం చూపిన పోలీసుల్ని మెచ్చుకున్నారు కూడా. వాళ్లని చదువుతుంటే అద్దంలో చూసుకున్నట్టు అనిపించింది. జైల్లో ఉన్న కింగ్ దినపత్రిక అంచుల మీద జవాబు రాసిపారేశాడు. "ఆగండి" అన్న మాటకి దాదాపు ఎప్పుడూ "ఎన్నటికీ కాదు" అనే అర్థమట. ముసుగు వేసుకొచ్చి నల్లవాళ్లని హింసించే క్లాన్ ముఠావాడి కంటే, నీ ఆశయం మంచిదే గానీ పద్ధతి నచ్చలేదనే పెద్దమనిషే పెద్ద అడ్డంకట. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసేసి కాఫీ తాగొచ్చాను. ఎవరి గురించి రాశాడో గానీ చాలా అన్యాయం.

ఆ తర్వాత వాషింగ్టన్, రెండున్నర లక్షల జనం, "నాకో కల ఉంది" అన్న ప్రసంగం. అది మీకు తెలుసు. ఆయన గురించి అందరికీ తెలిసింది అదొక్కటే, ముప్ఫై అయిదేళ్లకి వచ్చిన నోబెల్ బహుమతి తప్ప. ఆ ప్రసంగం అయిన రెండు రోజులకే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఒక పెద్ద అధికారి, దేశభద్రత కోణంలో ఇతనే అత్యంత ప్రమాదకరమైన నీగ్రో అని నోట్ పెట్టాడు. ఫోన్లు విన్నారు. 1964లో సంతకం లేని ఉత్తరం, ఒక టేపు పంపి, నీకు మిగిలింది ఒక్కటే దారి అని చచ్చిపొమ్మన్నట్టు రాశారు. ఇప్పుడు అదే ఎఫ్‌బీఐ, ఆయన పండగ రోజున సోషల్ మీడియాలో నివాళి పెడుతుంది. పాతవి మనసులో పెట్టుకోకపోవడమంటే అదీ.

1966లో గ్యాలప్ అనే సంస్థ జనాభిప్రాయ సర్వే చేస్తే నూటికి 63 మంది అమెరికన్లకి ఆయనంటే గిట్టదు. 2011లో అదే సంస్థ అడిగితే 94 మందికి ఇష్టం. మధ్యలో ఆయన మార్చుకున్నది ఏమైనా ఉందా అంటే, 1968 ఏప్రిల్ 4న చనిపోవడం ఒక్కటే. బతికుండగా జనం మెప్పు కావాలంటే బస్సులతో ఆగాల్సింది. షికాగోలో అద్దె ఇళ్ల సంగతికెళ్లి తలకి రాయి దెబ్బ తిన్నాడు. వియత్నాం యుద్ధం తప్పంటే, మీకు తెలియని విషయాల్లోకి వెళ్లకండని పెద్ద పత్రికలే తలంటాయి. చివరికి మెంఫిస్‌లో చెత్త ఎత్తేవాళ్ల సమ్మెకి వెళ్లాడు. వాన పడుతుంటే లారీ వెనక తొట్టిలో తలదాచుకున్న ఇద్దరు పనివాళ్లు, యంత్రం కదిలి నలిగిపోయారు. తోటివాళ్లు 1300 మంది పని ఆపి "నేను మనిషిని" అన్న అట్టలు పట్టుకుని నడిచారు. నోబెల్ వచ్చిన మనిషి చెత్త దగ్గరికి వెళ్లడమేమిటి? వెళ్లాడు. అక్కడే చంపేశారు.

పోయాక మాత్రం ఆయన ప్రవర్తనలో ఎంతో మార్పు వచ్చింది. ఎవరేం చెప్పమంటే అది చెబుతున్నాడు. 2018లో ఒక ట్రక్కుల కంపెనీ, సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మధ్యలో, ఆయన ప్రసంగం వెనక పెట్టి ట్రక్కులమ్ముకుంది. సరిగ్గా యాభై ఏళ్ల కిందట అదే తేదీన చేసిన ప్రసంగం. స్తోమతకి మించిన కార్లు కొనిపించే ప్రకటనల వాళ్లని ఆయన దులిపేసింది కూడా అందులోనే. ఆ భాగం సమయాభావం వల్ల వెయ్యలేదనుకుంటాను. ఇక అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు సమతౌల్యం పాటించి, బానిసత్వం నిలవాలని పోరాడిన జనరల్ రాబర్ట్ లీ జయంతిని కూడా ఆ సోమవారమే జరుపుతున్నాయి. ఒకే సెలవు, ఇద్దరు మహనీయులు. ఖర్చు కలిసొచ్చింది.

ఇదంతా మా బావమరిదికి చెప్పాను. ఇండియా నుంచి ఏడాదికి వందమందికి మించి స్థిరపడనివ్వని కోటాని 1965లో ఎత్తేశారనీ, అదీ ఈ పౌరహక్కుల ఊపులో వచ్చిన చట్టమేననీ కూడా చెప్పాను. "అవునా బావా? మరి ఇప్పుడు వీళ్లు రోడ్లమీద ఈ ధర్నాలేంటి? ఎయిర్‌పోర్టుకి లేటవుతోంది" అన్నాడు. నేను పెంచిన కుర్రాడే.

ఈ జనవరి 15న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పొద్దున్నే కింగ్ గారి ఫొటో పెట్టాను. నలభై దండాలు, ఇరవై పువ్వులు వచ్చాయి. సాయంత్రం పనమ్మాయి వచ్చి, సర్వీసు లిఫ్టు పది రోజులుగా పాడైందనీ, బాగయ్యేదాకా అందరూ ఎక్కే లిఫ్టులో వెళ్లనివ్వమనీ అడిగింది. ఆవిడ పనిచేసేది తొమ్మిదో అంతస్తులో. చాలా న్యాయమైన కోరిక. వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో పెడతానని చెప్పాను. మీటింగ్ తేదీ ఇంకా ఖరారు కాలేదు.