810 అంటే ఐదో క్లాసు పుస్తకమేనా?

“ఈ పుస్తకం నీ లెవెల్‌ది కాదు” అన్నారట స్కూల్లో. మేం ఉండేది టెక్సస్‌లో, మా అమ్మాయి సెవెంత్ గ్రేడ్, అది పట్టుకెళ్ళింది ‘హంగర్ గేమ్స్’. 12 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లల్ని 24 మందిని ఒకచోట వదిలేసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమనే కథ కాబట్టి టీచరు వద్దన్నారంటే అర్థముందిలే అనుకున్నాను. తీరా అడిగితే సంగతి అది కాదు, పుస్తకం మరీ తేలికట!

ఇక్కడ పిల్లలకి చదివే స్థాయిని బట్టి లెక్సైల్ అని ఒక స్కోరు ఇస్తారు, పుస్తకాలకీ ఇస్తారు. పిల్లల స్కోరుకి 100 కింద నుంచి 50 పైదాకా ఉన్న పుస్తకాలు వాళ్ళకి సరైనవని లెక్క. మా అమ్మాయిది 1050, అంటే 950 నుంచి 1100 లోపు చదవాలి. 2008లో సుజానే కాలిన్స్ రాసిన ఈ నవల స్కోరు 810. స్కూళ్ళలో వాడే ఇంకో కొలత ఏఆర్ (యాక్సిలరేటెడ్ రీడర్) అయితే దీన్ని 5.3 అంటుంది, ఐదో క్లాసులో మూడో నెల పిల్లల స్థాయి అని. ఐదో క్లాసు పిల్లల చేతిలో ఈ కథ పెట్టడానికి ఏ తల్లికి మనసొప్పుతుందో నాకైతే తెలీదు.

ఇంత తక్కువ స్కోరు ఎందుకొచ్చిందంటే, ఆ లెక్క చూసేది రెండే: వాక్యం ఎంత పొడుగు, పదాలు ఎంత అరుదు. కథ చెప్పేది 16 ఏళ్ళ కాట్నిస్, ప్రాణభయంతో అడవిలో పరిగెడుతూ, ఎప్పటికప్పుడు జరుగుతున్నట్టు చెప్తుంది. అలాంటి పిల్ల నాలుగు లైన్ల వాక్యాల్లో ఆలోచిస్తుందా? ఆ పొట్టి వాక్యాలు రచయిత్రి పనితనం, కానీ లెక్కకి మాత్రం అది తేలిక. పెద్దవాళ్ళ కోసం స్టైన్‌బెక్ రాసిన నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ స్కోరు 680, అంటే ఇంకా చిన్న పిల్లల పుస్తకమన్నమాట! అదే కార్టూన్ బొమ్మలతో నవ్వించే ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ సిరీస్‌లో 900 దాటినవి ఉన్నాయి. కథ ఏ వయసు వాళ్ళకి తగిందో తమ స్కోరు చెప్పదని లెక్సైల్ వాళ్ళే అంటారు, కానీ ఆ మాట క్లాసురూమ్ దాకా వచ్చేసరికి జారిపోతుంది, అంకె ఒక్కటే మిగులుతుంది.

అలాగని ఈ అంకెలు దండగ అనను. వందలమంది పిల్లల్ని చూసుకునే లైబ్రేరియన్‌కి, చదవడమంటేనే టెన్షన్ పడే పిల్లాడికి మొదటి పుస్తకం వెతకడానికి పనికొస్తాయి. పుస్తకాల మీద లెవెల్ స్టిక్కర్లు అంటించొద్దని మాత్రం అమెరికా స్కూల్ లైబ్రేరియన్ల సంఘమే చెప్పింది.

టైమ్ సంగతి ఇంకా విచిత్రం. ఈ నవల దాదాపు లక్ష పదాలు. ఇంగ్లిష్ కథలు పెద్దవాళ్ళు సగటున నిమిషానికి 260 పదాలు చదువుతారని 2019లో బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చాడు. ఆ లెక్కన ఆరున్నర గంటల్లోపే అయిపోవాలి. మా అమ్మాయికి తొమ్మిది రోజులు పట్టింది. (తెలుగులో ఈ పదాల లెక్క అసలు కుదరదు. ‘చదవలేకపోతున్నాననుకుందేమో’ మనకి ఒక్క పదం, ఇంగ్లిష్‌లో చెప్పాలంటే అరడజను పైనే. అయినా మన సైట్లు కొన్ని ‘3 నిమిషాల్లో చదవొచ్చు’ అని పెడుతుంటాయి, దేన్ని లెక్కపెట్టారో!)

నాలుగో రోజో ఐదో రోజో, రూ అనే 12 ఏళ్ళ పిల్ల చనిపోయే చోటికొచ్చింది. పుస్తకంలో అది కొన్ని పేజీలే. మా అమ్మాయి అది చదివి, వేలు పేజీల మధ్య పెట్టుకుని, కిచెన్ బల్ల దగ్గర అలాగే కూర్చుండిపోయింది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ “ఏమైందిరా బంగారం, ఒంట్లో బాలేదా?” అని నుదురు పట్టి చూసింది. ఇది వచ్చీరాని తెలుగులో “అమ్మమ్మా, చిన్న పిల్ల, చంపేశారు, ఈమె పూలు పెట్టింది” అని మొదలుపెడితే, ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపి “ఎవరు చంపారు, ఎందుకు చంపారు, వాళ్ళమ్మా నాన్నా ఏం చేస్తున్నారు” అని ఒకటే ప్రశ్నలు. అందరూ టీవీలో చూస్తున్నారంటే ఆవిడకి అస్సలు మింగుడుపడలేదు. అరగంట నడిచింది. అంతసేపూ పేజీ తిప్పలేదు.

రాత్రి రీడింగ్ లాగ్, అంటే ఎంతసేపు చదివిందో రాసే కాగితం, దాని మీద సంతకం పెట్టమని తెచ్చింది. నిమిషాలు అన్న గడిలో 20 అని ఉంది.

“అమ్మమ్మతో మాట్లాడింది రాయలేదేం?” అన్నాను.

“అప్పుడు చదవట్లేదుగా అమ్మా” అంది.

సంతకం పెట్టేశాను.