శనివారం కాదు, ఆదివారం పెట్టండి

సెలవు మీద ఊరొచ్చి పన్నెండు రోజులైంది. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా ఊరు. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే మా వీధి చివరింటి పిన్ని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "బావూ, మావోడు అక్కడ అన్నం తింతన్నాడా? ఫోన్లో అడిగితే తిన్నానంతాడు. ఏటి తిన్నాడో సెప్పడు" అని అడిగింది.

వాళ్ళబ్బాయి దుబాయ్‌లో సోనాపూర్ అనే కార్మికుల క్యాంపులో ఉంటాడు. నేను షార్జాలో ఉంటాను. ట్రాఫిక్ లేకపోతే కారులో పావుగంట దూరం. ఆవిడకి నేను ధైర్యంగా చెప్పగలిగింది ఒక్కటే: జనవరిలో మేము పార్కులో పెట్టిన వంటకి వచ్చాడు, కోనం చేప పులుసు మూడుసార్లు వేయించుకుని తిన్నాడు అని. ఆ ఒక్క పూట గురించి ఆవిడ నన్ను అరగంట అడిగింది. ఎవరు వండారు, కారం సరిపోయిందా, మజ్జిగ ఉందా. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో కుటుంబాలతో ఉంటున్న మన సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళకి చెబుతున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా చల్లగా ఉంటుంది కాబట్టి వారం వారం పార్కులో కలుస్తాం, బొగ్గులు రాజేస్తాం, వండుకుంటాం. పెట్టుకోవాలి కూడా. అంత దూరంలో నలుగురు మనవాళ్ళతో కూర్చుని తింటేనే ఊరు గుర్తుకొస్తుంది. కానీ ఎప్పుడూ శనివారమే పెడతాం. 2022 జనవరి నుంచి దుబాయ్ ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా సెలవు. చాలా కంపెనీలు అదే దారిలో శని, ఆదివారాలు ఇచ్చాయి. ఆఫీసులో పనిచేసే మనకి శనివారం వంట, ఆదివారం విశ్రాంతి. సైట్‌లో పనిచేసే వెల్డరుకి, ఫిట్టరుకి వారానికి ఒక్కటే సెలవు. నాకు తెలిసిన కుర్రాళ్ళందరికీ అది ఆదివారమే. అంటే మనం శనివారం అనుకున్న నిమిషంలోనే వాళ్ళు రాకుండా అయిపోయింది. కావాలని చేశామని నేను అనడం లేదు. వాళ్ళ సెలవు ఎప్పుడో అడగాలని కూడా మనకి తోచలేదు, అదే నా బాధ.

మొన్న చలికాలం మా వాట్సాప్ గ్రూపులో ఆదివారం పెడదాం, క్యాంపు నుంచి తొమ్మిది మంది మన ఊళ్ళవాళ్ళని పిలుస్తాను అని రాశాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకాయన "ఫ్యామిలీస్ వరకే అయితే కంఫర్టబుల్‌గా ఉంటుంది" అన్నాడు. ఇంకొకాయన, మంచివాడే, సాయం చేసే మనిషే, "మిగిలింది ప్యాక్ చేయించి క్యాంపుకి పంపిద్దాం" అన్నాడు. అది చదివి ఫోన్ పక్కన పడేశాను. మా అమ్మ ఏనాడూ ఇంటికొచ్చిన చుట్టానికి మిగిలింది పెట్టలేదు. మన జిల్లాలో ఏ అమ్మా పెట్టదు. ఇంట్లో ఉన్నది గంజే అయినా ముందు వచ్చినవాళ్ళకి పోస్తుంది. విమానం ఎక్కి నాలుగు గంటలు ప్రయాణం చేస్తే ఆ మర్యాద ఎక్కడికి పోయింది?

ఆ కుర్రాళ్ళు ఎవరు? మన ఉద్దానం పిల్లలు, అంటే కవిటి చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ఊళ్ళవాళ్ళు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడినప్పుడు కొబ్బరి తోటలు, జీడి తోటలు ఎలా పడుకున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఇల్లెలా గడవాలి? తోట పోయిన ఇళ్ళ నుంచి ఎంతమంది వెల్డింగ్ నేర్చుకుని బయలుదేరారో మా వీధిలోనే లెక్క చెప్పగలను. మూత్రపిండాల జబ్బుతో తండ్రి డయాలసిస్‌కి తిరుగుతుంటే, ఆ ఖర్చుల కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు మనకి పరాయివాళ్ళు ఎలా అవుతారు? "బ్యాచిలర్స్" అంటాం. అందులో సగం మందికి ఇక్కడ భార్యాపిల్లలు ఉన్నారు. తీసుకెళ్ళే జీతం లేదు, అంతే.

క్యాంపు తిండి సంగతి కూడా చెప్పాలి. మా వీధి అబ్బాయి గదిలో ఎనిమిది మంది. అందరూ కలిసి మెస్ పెట్టుకుని వంతులవారీగా వండుకుంటారు. వంటగదిలో పొయ్యిలు తక్కువ, వరుస పెద్దది. రాత్రి పదింటికి వండినదే పొద్దున్నకి, మధ్యాహ్నానికి క్యారియర్‌లో. తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం ఉంది, మంచిదే. కానీ ఆ ఎండలో క్యారియర్‌లో పప్పు పులిసిపోకుండా ఏ నియమం ఆపుతుంది? పెరుగు వేసుకుని కళ్ళు మూసుకుని తింటాను అన్నాడు ఒక తమ్ముడు.

చివరికి గ్రూపుతో సంబంధం లేకుండా మేమే పెట్టాం. సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఆదివారం, దుబాయ్ ముష్రిఫ్ పార్కులో. అక్కడ బార్బెక్యూకి వేరే చోట్లు ఉన్నాయి. పార్కు నిండా గాఫ్ చెట్లు. 2008 నుంచి ఆ దేశానికి జాతీయ వృక్షం అది. దగ్గరికెళ్ళి చూడండి, అది మన జమ్మి చెట్టే. దసరాకి మనం ప్రదక్షిణ చేసే చెట్టు! ఆ మాట చెప్పగానే ఒక కుర్రాడు చెప్పులు విప్పి దండం పెట్టాడు. ఉసిరి చెట్టు లేకపోతేనేం, వనభోజనానికి జమ్మి చెట్టు దొరికింది అనుకున్నాం. పొయ్యి మాత్రం చెట్టుకి దూరంగా, స్టాండు మీదే పెట్టాం. నేల మీద మంట పెట్టకూడదు, బొగ్గులు ఇసుకలో పారబోయకూడదు. మన తర్వాత అక్కడ పిల్లలు ఆడతారు.

పొద్దున్నే దేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లో రెండు కోనం చేపలు కొన్నాను. కోయించకుండా తెమ్మని భావనపాడు కుర్రాడు ముందే చెప్పాడు. అతను ముక్కలు కోస్తుంటే పక్క కుటుంబాల వాళ్ళు వచ్చి చూశారు. పులుసులో ముక్కలు పడ్డాక గరిటె ముట్టనివ్వలేదు. గుండిగ అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పడమే. బొగ్గుల మీద తెల్లగా బూడిద కట్టాక వంకాయలకి నూనె రాసి కాల్చాం. తొక్క తీశాక వాటిని కడగకూడదు, కడిగితే ఆ పొగ వాసన పోతుంది. చింతపండు రసంలో పిసికి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బెల్లం. ఆ పచ్చిపులుసు ఇరవై మందికి చాలలేదు. పనసకాయ మలయాళీ దుకాణంలో దొరికింది. మందస అబ్బాయి దాన్ని సన్నగా పొట్టు కొట్టి ఆవ పెట్టాడు. ఇంట్లో మా ఆవిడ అన్నం రెండు కుక్కర్లలో వండి దుప్పటి చుట్టి తెచ్చింది. ఆ తర్వాత ఆమెని ఆ కుర్రాళ్ళు ఏమీ ముట్టుకోనివ్వలేదు. "వదినా, నువ్వు కూర్చో" అన్నారు. ఇలాంటి పార్టీలో చాప మీద కూర్చుని వేడిగా తినడం ఇదే మొదటిసారి అని రాత్రి చెప్పింది. మన శనివారం బార్బెక్యూల్లో మగవాళ్ళం సీకుల దగ్గర నిలబడతాం, మిగతా పదకొండు గిన్నెలు ఎవరు మోస్తారో ఒక్కసారి చూడండి.

డబ్బు మాట. మనం తలకి 50 దిర్హాములు అని గ్రూపులో లెక్క వేస్తాం. మా వీధి అబ్బాయి జీతం నెలకి 1,200. అందులో వెయ్యి ఇంటికి పంపుతాడు. వాళ్ళ దగ్గర తీసుకోకండి. ఊరికే తినడం వాళ్ళకీ ఇష్టం ఉండదు, ఏదో ఒకటి తెస్తారు. ఒకతను ఇంటి నుంచి వచ్చిన ఎండు నెత్తళ్ళు తెచ్చాడు, ఇంకొకతను పలాస జీడిపప్పు. అది సంతోషంగా తీసుకోండి. వాళ్ళ ఫోటోలు అడగకుండా పెట్టకండి. సాయంత్రం ఏడింటికల్లా క్యాంపులో దింపండి, తెల్లవారితే బస్సు ఉంటుంది.

పిన్ని ఇందాక మళ్ళీ వచ్చింది. కొత్తావకాయ రెండు కిలోలు, కారకుండా కొట్టులో ప్యాక్ చేయించి తెచ్చింది. "నువ్వెట్టుకెల్లు బావూ, ఆడికి సగం, మీకు సగం. మల్లీ వొండినప్పుడు పిలు" అంది. పిలుస్తానని మాటిచ్చాను. నవంబరులో, కార్తీకం వచ్చాక మొదటి ఆదివారం, ముష్రిఫ్ పార్కు, పొద్దున్న పది. కార్తీకం కాబట్టి చేప ఉండదు, పనసపొట్టు, పప్పు, పచ్చిపులుసు. కారు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురిని సోనాపూర్ నుంచి ఎక్కించుకుని రాగలిగితే నాకు ముందు రోజు చెప్పండి.