ఎగుమతి నిషేధం రైతుకు, సాయం కొనేవాడికా?

ఎగుమతులు ఆగిపోయి ధర కూలినప్పుడు రైతుకు సాయం ప్రకటించడం చాలా దేశాల్లో జరిగేదే. సాయం ఎన్ని కోట్లన్న దాని మీదే పత్రికల్లోనూ అసెంబ్లీలోనూ చర్చ నడుస్తుంది. ఆ డబ్బును ఏ లెక్కన పంచారు, ఎన్నాళ్లకు చేరింది, చివరికి ఎవరి దగ్గర తేలింది అని అడిగేవారు తక్కువ. ఉల్లి ఎగుమతి నిషేధాలను వరసగా చవిచూసిన కడప, కర్నూలు జిల్లాల రైతులకు ఈ ప్రశ్నలు చాలా ముఖ్యం. వీటికి కొంత జవాబు కెనడా, ఆస్ట్రేలియా పశుపోషకుల అనుభవంలో దొరుకుతుంది.

2003 మే 20న కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో ఒకే ఒక్క ఆవుకు పిచ్చి ఆవు వ్యాధి ఉన్నట్లు ప్రకటించారు. వెంటనే అమెరికా సహా అనేక దేశాలు కెనడా పశువులను, గొడ్డు మాంసాన్ని ఆపేశాయి. ఆ జూన్‌లోనే కెనడా ప్రభుత్వం 46 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. వేగంలో తప్పు పట్టడానికి లేదు. తప్పంతా లెక్కలో ఉంది. పశువును కబేళాకు అమ్మితేనే సాయం వస్తుంది. నిర్ణయించిన ధరకూ వచ్చిన ధరకూ మధ్య తేడాలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. సాయం అందాలంటే అమ్మాలి, అది కూడా నిధులు అయిపోయేలోపే అమ్మాలి. దాంతో పశువులన్నీ ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చాయి. కొనేవైపు ఉన్నవి కొద్దిపాటి పెద్ద మాంసం కంపెనీలే. అమ్మేవాడు అమ్మక తప్పదనీ, తక్కువకు అమ్మినా మిగతాది ఖజానా భర్తీ చేస్తుందనీ తెలిశాక కొనేవాడు ధర ఎందుకు పెంచుతాడు? ఇందుకు కంపెనీలు కుమ్మక్కు కానక్కరలేదు, పథకం అల్లిక చాలు. నిధులు అక్కడి వేసవి ముగిసేలోపే ఖర్చయిపోయాయి. సెప్టెంబరులో అమెరికా చిన్న వయసు పశువుల ఎముకలేని మాంసాన్ని అనుమతించింది గానీ బతికున్న పశువుకు మాత్రం 2005 జూలై దాకా సరిహద్దు తెరుచుకోలేదు. అంటే మాంసానికి బయటి ధర దొరికింది, పశువు మాత్రం లోపలి ధరకే పోయింది. ఆ కాలంలో మాంసం కంపెనీల లాభాలు బాగా పెరిగాయని ఆల్బర్టా ఆడిటర్ జనరల్ 2004లో జరిపిన పరిశీలనలో తేలింది.

ఆ అనుభవం తర్వాత, 2004 సెప్టెంబరులో ప్రకటించిన రెండో విడతలో కెనడా పద్ధతి మార్చుకుంది. పశువును అమ్మకుండా కొంతకాలం మేపుతూ ఆపి ఉంచిన రైతుకు ఆ మేపు ఖర్చు కింద తలకు ఇంతని ఇచ్చే ఏర్పాటు అందులో చేర్చింది. రైతుకు నిజంగా బలం చేకూర్చినది ఇలాంటి సాయమేనని నా అభిప్రాయం. ఈ రోజు అమ్మకపోయినా బతకగలనన్న ధీమా ఉన్నవాడే బేరమాడగలడు.

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక్క ఉదయం నిలబడితే ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. లారీ బాడుగ, హమాలీ కూలి అయ్యాక రైతు ఉల్లిగడ్డలు కుప్ప పోసి పక్కనే కూర్చుంటాడు. వ్యాపారి ఒక గడ్డ తీసుకుని మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తాడు. తేమ తగిలితే చాలు, ధర దిగుతుంది. సరుకు తిరిగి ఊరికి తీసుకుపోవాలంటే మళ్లీ బాడుగ. వాన మబ్బు కనిపిస్తే ఆ మాత్రం బేరం కూడా ఉండదు. ఇలాంటి చోట ‘అమ్మితేనే తేడా ఇస్తాం’ అనే పథకం పెడితే ఆ తేడా ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మొదట సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు రూ.1,200కు కొనుగోళ్లు మొదలుపెట్టి, తర్వాత సెప్టెంబరులో హెక్టారుకు రూ.50,000 చొప్పున సాయం ప్రకటించింది. ఆ ఏడాది ఎగుమతి నిషేధం లేదు, కారణాలు వేరు. అయినా అమ్మకంతో ముడి తెంచి సాగు చేసిన విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకోవడం సరైన అడుగు. యార్డుకు పోవాలా, పొలంలోనే దున్నేయాలా అన్నది రైతు తేల్చుకోవచ్చు. అయితే విస్తీర్ణం లెక్క ఈ-పంట నమోదు మీద, అంటే ఎవరు ఎంతలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా మీద ఆధారపడుతుంది. ఆ నమోదులో పేరు లేని కౌలు రైతు పెట్టుబడి పెట్టి, నష్టం మోసి, సాయం మాత్రం పట్టాదారు ఖాతాలో పడుతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వస్తుంది. కెనడాలో కొనేవాడికి జారిన డబ్బు ఇక్కడ భూమి యజమానికి జారుతుంది. దీన్ని సరిచేయకుండా ఎకరాకు ఎంత పెంచినా ఫలితం సగమే.

ఆస్ట్రేలియా కథలో వేరే పాఠం ఉంది. ఇండోనేషియా కబేళాల్లో ఆస్ట్రేలియా పశువుల పట్ల జరుగుతున్న క్రూరత్వాన్ని 2011 మే 30న టీవీలో చూసి ఆ దేశం చలించిపోయింది. ఆ బాధ న్యాయమైనదే. జూన్ 7న ప్రభుత్వం ఇండోనేషియాకు పశువుల ఎగుమతిని పూర్తిగా నిలిపివేసింది, జూలై 6న ఎత్తివేసింది. నెల రోజులే కదా అనిపిస్తుంది. కానీ ఉత్తర ఆస్ట్రేలియాలో పశువులను పోగుచేసి ఓడరేవుకు తోలేది వానలు లేని ఆ పొడి నెలల్లోనే. పైగా 350 కిలోలు దాటిన పశువును అప్పట్లో ఇండోనేషియా తీసుకునేది కాదు. నిషేధం ఎత్తేసే నాటికి ఎన్నో పశువులు ఆ బరువు దాటిపోయాయి. ప్రభుత్వం 3 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది గానీ దాన్ని దయగా ఇచ్చింది, బాధ్యతగా కాదు. పశుపోషకులు కోర్టుకెళ్లారు. 2020 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆనాటి మంత్రి ఉత్తర్వు చెల్లదని, మినహాయింపులకు తావివ్వకుండా మొత్తంగా నిషేధించడం అధికార దుర్వినియోగమని తీర్పు చెప్పింది.

మినహాయింపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి కడప జిల్లా కేపీ ఉల్లి గురించి చెప్పుకోవాలి. మైదుకూరు ప్రాంతంలో పండే ఈ కృష్ణాపురం ఉల్లి చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన వంటింట్లో దీన్ని పెద్దగా వాడరు. మలేషియా, సింగపూర్ లాంటి దేశాల కోసమే సాగు చేస్తారు. దేశంలో ధర తగ్గించడానికి దీన్ని ఆపితే దేశంలో ఎవరికీ ధర తగ్గదు, కడప రైతుకు మాత్రం మార్కెట్టే ఉండదు. అయినా 2019 సెప్టెంబరు 29 నాటి నిషేధంలో ఇదీ కలిసిపోయింది. ఇలాగే ఎగుమతి కోసమే పండే బెంగళూరు రోజ్ ఉల్లికి అక్టోబరు చివర్లోనే మినహాయింపు దొరికితే, కేపీ ఉల్లికి 2020 ఫిబ్రవరి దాకా దొరకలేదు. 2020 సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం విధించినప్పుడు ఈ రెండు రకాల్లో ఒక్కోదానికి 10,000 టన్నుల చొప్పున, అదీ చెన్నై ఓడరేవు నుంచే పంపాలన్న షరతుతో, అక్టోబరు 9న అనుమతించారు. తవ్విన ఉల్లి అన్నాళ్లు ఎదురుచూడదు. మెత్తబడుతుంది, మొలకెత్తుతుంది.

వినియోగదారుడి కోసం ఎగుమతి ఆపే హక్కు ప్రభుత్వానికి లేదని నేను అనను. ఉల్లి ధర పెరిగితే కూలి కుటుంబానికే మొదటి దెబ్బ. కానీ ఆ మేలుకు అయ్యే ఖర్చును ఒక్క ఉల్లి రైతు చేత కట్టించడం అన్యాయం. కేంద్రం ఎగుమతి ఆపితే పరిహారం కూడా కేంద్రమే భరించాలి, రాష్ట్ర ఖజానా మీదకు నెట్టకూడదు. నిషేధం విధించే ఉత్తర్వులోనే ఎకరాకు ఎంతో, ఏ తేదీలోగా చెల్లిస్తారో ఉండాలి, సాగు చేసినవాడి పేరు మీదే చెల్లించాలి. కేపీ ఉల్లికి మినహాయింపు మొదటి రోజు నుంచే వర్తించాలి, రైతులు ఢిల్లీకి వినతిపత్రాలు మోసుకెళ్లాక కాదు.