పొట్టి కర్ర దొరవారికి

బొగ్గు బాయి కప్పు కూలకుండా ఆపే మహారాజశ్రీ కర్ర దొరవారికి, తమరిని నిలబెట్టే టింబర్‌మన్ నమస్కరించి రాయునది.

నిన్న సెకండ్ షిఫ్టులో తమరిని భుజానికెత్తుకుని, నడుం వంచి, బురదలో రెండు లెవెళ్లు దాటించి బొగ్గు తవ్వే ఫేసు దగ్గరికి చేర్చింది మేమే. ఊరేగే దేవుడికైనా నలుగురు బోయీలుంటారు, తమరికి ఇద్దరమే. తీరా నిలబెడితే కప్పుకీ తమ నెత్తికీ మధ్య జానెడు సందు! క్యాప్ ల్యాంప్ వెలుగు అందులోంచి అవతలికి పోతోంది.

పైన ఒక పలక వేసి చీలికతో బిగించడం పద్ధతే, కాదనను. "ఇంకో రెండు పలకలు వేసి సరిచెయ్యవయ్యా" అన్నారు ఓవర్‌మన్ సారు. అటక మీది బెల్లం కోసం పిల్లాడు పీట మీద పీట వేసినట్టు! బరువు పడితే ఆ పలకలు పక్కకి జారవా? వెయ్యనన్నాను. ఇంకో కర్ర కోసం షిఫ్టంతా కూర్చున్నాం. మస్టర్‌లో హాజరు పడింది, పని పడలేదు.

తమ తొక్క ఊడి చెయ్యి జారడం, గోటి సందులో పేడు దిగడం, తడికి తెల్లబూజు పట్టడం, ఇవన్నీ భరించాం. ఈ పొట్టితనమే మింగుడుపడటం లేదు. జాకెట్టు అరంగుళం తగ్గితే దర్జీతో గొడవ పెట్టుకుంటాం. ఇక్కడ తగ్గింది జానెడు, పైన వేలాడేది బండ. రెండు కర్రలు రావాల్సిన దుంగలో మూడు కోసి లెక్క మిగిల్చినవాడెవడు? వాణ్ణి ఒక్క పూట ఆ కప్పు కింద కూర్చోబెట్టాలి, టేపు చేతికిచ్చి!

1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన కాలం నుంచీ మీ జాతిని నమ్ముకున్నాం. ఇప్పుడు స్టీలు ప్రాపులొచ్చాయి, సిమెంటు క్యాప్సూల్‌తో బిగించే రూఫ్ బోల్టులొచ్చాయి. వాటికి నీలా మాటలు రావు. కప్పు దిగుతుంటే నువ్వు కిర్రుమంటావు, పెటపెటమంటావు. మా నాయన ఒకసారి ఆ చప్పుడు విని తట్టా, చెమ్మస్ అనే పారా అక్కడే పడేసి ఉరికాడు. రెండేళ్లకు నేను పుట్టాను.

అయితే కప్పు నెత్తికి ఆనితేనే కదా నువ్వు కిర్రుమనేది! జానెడు కింద నిలబడి ఏం వింటావు, మాకేం చెబుతావు?

నీ ఒంటి మీద సుద్దతో 'వాపస్' అని రాసి యార్డుకు పంపుతున్నాను. మళ్లీ నువ్వే వస్తే, ఈసారి మోసేది నేను కాదు.

ఇట్లు,
భుజం వాచినవాడు